హీమ్ ఆక్సిజనేజ్-1: విషాన్ని విడగొట్టే ఎంజైమ్

దెబ్బ తగిలి కమిలిన చోటు ముందు ఎర్రగా ఉంటుంది, మర్నాటికి ఊదా రంగులోకి, నలుపులోకి దిగుతుంది. కొన్ని రోజులు గడిచాక అంచుల్లో ఆకుపచ్చ తేలుతుంది. ఆ ఆకుపచ్చ పసుపుగా మారి, చివరికి లేత గోధుమ రంగు మరక మిగిల్చి పోతుంది. ఇది అందరూ చూసిందే. కానీ ఆకుపచ్చ ఎక్కడి నుంచి వచ్చిందని ఆలోచించేవాళ్లు తక్కువ. రక్తానికి ఎరుపునిచ్చే, మధ్యలో ఇనుము ఉండే అణువు పేరు హీమ్. చర్మం కింద చిందిన రక్తంలోని ఆ హీమ్‌ను హీమ్ ఆక్సిజనేజ్-1 అనే ఎంజైమ్ విరగ్గొడితే వచ్చే బిలివర్డిన్‌ది ఆ రంగు. ఆ తర్వాత కనిపించే పసుపు బిలిరుబిన్‌ది. చివరి గోధుమ మరక అక్కడే మిగిలిపోయిన ఇనుముది.

కమిలిన చోట జరిగే ఈ పనే ఒంట్లో నిరంతరం, చాలా పెద్ద ఎత్తున సాగుతుంది. ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. ముసలివైపోయిన కణాలు సెకనుకు ఇరవై లక్షలకు పైగా రాలిపోతుంటాయి. వాటిని ప్లీహంలో, కాలేయంలో ఉండే మాక్రోఫేజ్ కణాలు మింగి జీర్ణం చేసుకుంటాయి. ఒక్కో ఎర్ర కణంలో కోట్ల కొద్దీ హీమోగ్లోబిన్ అణువులు, ఒక్కో హీమోగ్లోబిన్‌లో నాలుగు హీమ్‌లు. రోజూ ఈ విధంగా బయటపడే ఇనుము 20 నుంచి 25 మిల్లీగ్రాములు. తిండి నుంచి పేగులు పీల్చుకునేది ఒకటి రెండు మిల్లీగ్రాములే కాబట్టి, కొత్త రక్తం తయారీకి కావలసిన ఇనుములో అత్యధిక భాగం పాత రక్తం నుంచే తిరిగి వస్తుంది. దారిలో ఎక్కడ తేడా వచ్చినా ఇబ్బంది రక్తహీనతతో ఆగదు. హీమ్ ఒక్కసారి ప్రోటీన్ నుంచి విడిపోయాక విషమే.

ప్రోటీన్ మడతల్లో ఒదిగి ఉన్నంతకాలం హీమ్ ఆక్సిజన్‌ను మోస్తుంది, కణాలకు శక్తి తయారు చేయడంలో పాలుపంచుకుంటుంది, కాలేయంలో మందులను విడగొడుతుంది. బయటపడితే మాత్రం కొవ్వును పట్టుకునే స్వభావం వల్ల నేరుగా కణపు పొరలోకి చొచ్చుకుపోతుంది. అక్కడ హైడ్రోజన్ పెరాక్సైడ్ తగిలిందా, పొరలోని కొవ్వు ఆమ్లాలు గొలుసుకట్టుగా ఆక్సీకరణం చెందుతాయి. ఒక అణువు దెబ్బతిని పక్క అణువును దెబ్బతీస్తుంది, అది మరోదాన్ని. పొర చిల్లులు పడి కణం చచ్చేదాకా ఇది ఆగకపోవచ్చు. ఆక్సీకరణ ఒత్తిడి అని పుస్తకాల్లో చదివే మాటకు నిజమైన రూపం ఇదే.

ఆ హీమ్‌ను విడగొట్టే ఎంజైమ్ ఉందని 1968లో టెన్‌హునెన్, మార్వర్, ష్మిడ్ అనే ముగ్గురు అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో పనిచేస్తూ చూపించారు. గుండ్రటి హీమ్ అణువును ఈ ఎంజైమ్ ఒకే ఒక్క చోట తెంపుతుంది. అందుకు మూడు ఆక్సిజన్ అణువులు, కణంలో ఎలక్ట్రాన్లను అందించే ఎన్‌ఏడీపీహెచ్ అనే అణువు నుంచి ఏడు ఎలక్ట్రాన్లు ఖర్చవుతాయి. వచ్చేవి మూడు: బిలివర్డిన్, ఒక ఇనుము అయాన్, ఒక కార్బన్ మోనాక్సైడ్ అణువు. బిలివర్డిన్‌ను వెంటనే మరో ఎంజైమ్ బిలిరుబిన్‌గా మారుస్తుంది. ఒంట్లో పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌లో ఎక్కువ భాగం ఈ ఒక్క చర్య నుంచే వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఊపిరిలోనూ ఈ వాయువు కొద్దిగా బయటికి పోతూనే ఉంటుంది.

చాలాకాలం దీన్ని పాత సరుకు విడగొట్టే ఎంజైమ్‌గానే చూశారు. బిలిరుబిన్ ఎలా పుడుతుందన్నదే అప్పటి ఆసక్తి. మలుపు వేరే దారి నుంచి వచ్చింది. చర్మ కణాల మీద అతినీలలోహిత ఎ కిరణాలు పడినా, హైడ్రోజన్ పెరాక్సైడ్ తగిలినా, సోడియం ఆర్సెనైట్ కలిపినా కణాలు 32 కిలోడాల్టన్ల బరువున్న ఒక ప్రోటీన్‌ను పెద్ద మొత్తంలో తయారు చేస్తున్నాయని గమనించారు. ఎండ, పెరాక్సైడ్, ఆర్సెనిక్‌ల మధ్య పోలిక ఏమీ లేదు, కణాన్ని ఆక్సీకరణ ఒత్తిడిలోకి నెట్టడం తప్ప. ఆ గుర్తుతెలియని ప్రోటీన్ హీమ్ ఆక్సిజనేజే అని 1989లో కీస్, టిరెల్ తేల్చారు. రక్తంతో సంబంధమే లేని చర్మ కణానికి రక్తాన్ని విడగొట్టే ఎంజైమ్‌తో పనేమిటి? ఈ రంగంలో మూడు దశాబ్దాలుగా జరిగిన పరిశోధనలో చాలా భాగం ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

జవాబులో మొదటి భాగం తేలికే. హీమ్ ఎర్ర కణాల్లోనే కాదు, దాదాపు ప్రతి కణంలోనూ ఉంటుంది. కణానికి శక్తి తయారు చేసే మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్‌లు, పెరాక్సైడ్‌ను విడగొట్టే కెటలేజ్ వంటివన్నీ హీమ్ ప్రోటీన్లే. కణం ఒత్తిడికి లోనైతే వీటిలో కొన్ని చెడి, హీమ్ వదులైపోతుంది. సరిగ్గా పెరాక్సైడ్ పెరిగిన సమయంలోనే వదులు హీమ్ కూడా పెరగడమంటే ప్రమాదం రెట్టింపవడమే. అలాంటప్పుడు హీమ్ ఆక్సిజనేజ్-1 చేసేది మంట ఆర్పడం కాదు, పక్కనే ఉన్న కిరసనాయిలు డబ్బా తీసి అవతల పెట్టడం. ఫ్రీ రాడికల్స్ అనే, దొరికినదాన్నల్లా దెబ్బతీసే చురుకైన అణువులను ఈ ఎంజైమ్ స్వయంగా ముట్టుకోదు. యాంటీ ఆక్సిడెంట్ ఎంజైమ్‌ల జాబితాలో దీని పేరు కనిపిస్తుంది గానీ, సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్‌లా, కెటలేజ్‌లా ఎదురుగా నిలబడి పనిచేసే రకం ఇది కాదు.

ఈ కుటుంబంలో ఇంకొకటి ఉంది, హీమ్ ఆక్సిజనేజ్-2. అది మెదడులో, వృషణాల్లో ఎప్పుడూ ఒకే మోతాదులో ఉంటుంది. మొదటిది మాత్రం ప్లీహం లాంటి చోట్ల తప్ప మామూలు రోజుల్లో పెద్దగా కనిపించదు. అవసరం వచ్చిన కొద్ది గంటల్లోనే ఎన్నో రెట్లు పెరుగుతుంది. దాని జన్యువు మీద బ్యాక్-1 అనే ప్రోటీన్ కూర్చుని, చదవడానికి వీల్లేకుండా ఆపి ఉంచుతుంది. కణంలో హీమ్ పెరిగితే అది బ్యాక్-1కే అతుక్కుంటుంది. దాంతో బ్యాక్-1 డీఎన్‌ఏ వదిలి వెళ్లిపోతుంది. అంటే ఏ విషాన్ని తొలగించాలో ఆ విషమే వచ్చి తాళం తీస్తుందన్న మాట.

తాళం తీస్తే సరిపోదు, తలుపు నెట్టేవాడు కావాలి. ఆ పని ఎన్‌ఆర్‌ఎఫ్-2ది. ఈ ప్రోటీన్‌ను కణం ఎప్పుడూ తయారు చేస్తూనే ఉంటుంది, తయారైన కొద్దిసేపటికే పారేస్తూనే ఉంటుంది. కీప్-1 అనే మరో ప్రోటీన్ దాన్ని పట్టుకుని నాశనానికి పంపుతుంది. చూడటానికి శుద్ధ దండగలా కనిపించే ఏర్పాటు. అసలు లాభం వేగంలో ఉంది. కీప్-1లోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలు ఆక్సీకరణకు, చురుకైన రసాయనాలకు తేలిగ్గా లొంగుతాయి. అవి మారగానే కీప్-1 పట్టు సడలుతుంది, అప్పటికే తయారై ఉన్న ఎన్‌ఆర్‌ఎఫ్-2 కేంద్రకంలోకి వెళ్లి హీమ్ ఆక్సిజనేజ్-1తో సహా ఎన్నో రక్షణ జన్యువులను ఒకేసారి లేపుతుంది. కొత్తగా ప్రోటీన్ తయారయ్యేదాకా ఆగనక్కర్లేదు. ఈ వ్యవస్థను విప్పి చెప్పిన పనిలో 1990ల నుంచి జపాన్ ప్రయోగశాలలదే పెద్ద వాటా.

ఇప్పుడు జవాబులోని కష్టమైన భాగం. ఒక విషాన్ని విడగొడితే వచ్చిన మూడూ మంచివేమీ కావు. బిలిరుబిన్ ఎక్కువైతే కామెర్లు, పసికందుల్లో మరీ ఎక్కువైతే మెదడుకు దెబ్బ. కార్బన్ మోనాక్సైడ్ మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్లను చంపే వాయువు. అది హీమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా బలంగా అతుక్కుంటుంది. ఇక ఒంటరి ఇనుము పెరాక్సైడ్‌తో కలిసి హైడ్రాక్సిల్ రాడికల్‌ను పుట్టిస్తుంది. జీవ రసాయనాల్లో అంతకంటే విధ్వంసకరమైన రాడికల్ దాదాపు లేదు. కాబట్టి రక్షణ మొత్తం ఆ ముక్కల గతి ఏమవుతుందన్న దాని మీదే ఆధారపడి ఉంది.

బిలిరుబిన్ సంగతి చూద్దాం. దాన్ని వట్టి వ్యర్థ పదార్థంగా లెక్కగట్టే రోజుల్లో, 1987లో స్టాకర్, ఏమ్స్ తదితరులు అది ఒక మంచి యాంటీ ఆక్సిడెంట్ అని పరీక్షనాళికలో చూపించారు. నీటిలో కరిగే బిలివర్డిన్‌ను సులువుగా బయటికి పంపే అవకాశం ఉండగా, శక్తి ఖర్చుపెట్టి మరీ కరగని బిలిరుబిన్‌గా మార్చి, ఆపైన కాలేయంలో మళ్లీ కరిగేలా మార్చి పంపడం ఎందుకన్న పాత సందేహానికి ఇది ఒక సమాధానంలా అనిపించింది. పక్షులు, చాలా సరీసృపాలు బిలివర్డిన్ దగ్గరే ఆగిపోతాయి కూడా. గిల్బర్ట్ సిండ్రోమ్ అనే, హాని లేని జన్యుపరమైన స్థితి ఉన్నవాళ్లలో బిలిరుబిన్ కాస్త ఎక్కువగా ఉంటుంది. వాళ్లలో గుండె జబ్బులు తక్కువన్న పరిశీలనలు చాలా వచ్చాయి. అయితే జన్యువుల ఆధారంగా కారణాన్ని వెతికిన అధ్యయనాలు ఆ సంబంధాన్ని గట్టిగా సమర్థించలేదు. కాబట్టి బిలిరుబిన్ టెస్టులో అంకె కొంచెం ఎక్కువ వచ్చిందని సంబరపడాల్సిన పని లేదు. అది గిల్బర్టే అని డాక్టరు చెబితే కంగారూ అక్కర్లేదు.

పసికందుల విషయం వేరు. వాళ్ల ఎర్ర కణాల ఆయుష్షు తక్కువ, రాలేవి ఎక్కువ, బిలిరుబిన్‌ను కడిగి పంపే కాలేయపు ఎంజైమ్ ఇంకా నిద్రలోనే ఉంటుంది. అందుకే పుట్టిన రెండు మూడు రోజులకు పసుపుదనం వస్తుంది. నీలి కాంతి కింద పడుకోబెడితే బిలిరుబిన్ ఆకారం మారి, కాలేయం సాయం లేకుండానే బయటికి పోగలుగుతుంది. అసలు బిలిరుబిన్ పుట్టకుండానే ఆపితే పోలేదా అన్న ఆలోచనతో హీమ్ ఆక్సిజనేజ్‌ను నిరోధించే టిన్ మెసోపార్ఫిరిన్‌ను శిశువుల మీద పరీక్షించారు. బిలిరుబిన్ తగ్గింది. అయినా అది నీలి కాంతిని పక్కకు నెట్టి వాడుకలోకి రాలేదు. రక్షణ కోసం ఉన్న ఎంజైమ్‌ను పుట్టిన వారంలోనే అణచడానికి వైద్యులు వెనకాడటం సబబే.

కార్బన్ మోనాక్సైడ్‌ది ఇంకా విచిత్రమైన కథ. కణం తయారు చేసుకునే స్వల్ప మోతాదులో అది వాపును అదుపు చేసే సంకేతంగా పనిచేస్తుంది. 2000లో ఆటర్‌బీన్ బృందం మాక్రోఫేజ్‌ల మీద, ఎలుకల మీద దీన్ని చూపించింది: వాపును రెచ్చగొట్టే రసాయనాలు తగ్గాయి, చల్లబరిచే ఐఎల్-10 అనే సంకేత ప్రోటీన్ పెరిగింది. దీన్ని మందుగా మార్చే ప్రయత్నాలు ఇప్పటికీ సాగుతున్నాయి. కొలిచి పీల్పించడమా, ఒంట్లోకి వెళ్లాక నెమ్మదిగా వాయువు వదిలే అణువులు ఇవ్వడమా అన్నవి ముందున్న దారులు. ఆసుపత్రుల్లో నిత్యం వాడే స్థాయికి ఏదీ చేరలేదు.

మూడిట్లో నిజమైన చిక్కు ఇనుముతోనే. హీమ్ ఆక్సిజనేజ్-1 పెరిగినప్పుడు కణం ఫెర్రిటిన్ అనే ప్రోటీన్‌ను కూడా పెంచుతుంది. ఒక్క ఫెర్రిటిన్ గుల్లలో దాదాపు 4,500 ఇనుము పరమాణువులు పడతాయి. అందులోకి వెళ్లిన ఇనుము పెరాక్సైడ్‌కు అందదు. మిగతాది కణపు పొరలో ఇనుమును బయటికి పంపే ఫెర్రోపోర్టిన్ అనే ప్రోటీన్ ద్వారా రక్తంలోకి, అక్కడి నుంచి ఎముక మజ్జకు. రక్తనాళాల లోపలి పొర కణాల్లో జరిగిన ప్రయోగాల్లో, హీమ్ తగిలాక కణాలను చివరికి కాపాడింది ఫెర్రిటిన్ అని తేలింది. అంటే హీమ్‌ను విడగొట్టే ఎంజైమ్‌కు వచ్చే పేరులో సగం దాని వెనకాలే నిలబడి ఇనుము సర్దుకునే ప్రోటీన్‌కు చెందాలి.

ఈ ఎంజైమ్ లేకపోతే ఏమవుతుందో 1997లో పాస్, టోనెగావా ఎలుకల్లో చూపించారు. జన్యువు తీసేసిన పిల్లల్లో చాలా మటుకు పుట్టకముందే పోయాయి. బతికినవాటి రక్తంలో ఇనుము చాలక రక్తహీనత ఉంది, అదే సమయంలో కాలేయంలో, కిడ్నీల్లో ఇనుము పేరుకుపోయింది. ఒంట్లో సరుకుంది, అది కావలసిన చోటికి చేరడం లేదు. రెండేళ్ల తర్వాత జపాన్‌లో ఇదే లోపంతో పుట్టిన ఒక బాలుడి గురించి వైద్యులు ప్రచురించారు. ఎర్ర కణాలు ఆగకుండా పగిలిపోతున్నాయి, మూత్రపిండాలు, రక్తనాళాలు దెబ్బతిన్నాయి, ప్లీహం లేదు. అన్నిటికంటే ఆశ్చర్యం, అంతగా రక్తం విరిగిపోతున్నా కామెర్లు లేవు. బిలిరుబిన్ తయారు చేసే ఎంజైమే లేనప్పుడు కామెర్లు ఎలా వస్తాయి! ఆ బాలుడు ఆరేళ్లకే కన్నుమూశాడు. 2011లో భారత్ నుంచి కూడా దాదాపు ఇవే లక్షణాలున్న ఒక అమ్మాయి కేసు ప్రచురితమైంది.

ప్లీహం ఏమైపోయిందన్న దానికి ఎలుకల మీద ఆ తర్వాత చేసిన పని సమాధానమిచ్చింది. ముసలి ఎర్ర కణాలను మింగిన మాక్రోఫేజ్‌లు లోపలి హీమ్‌ను విడగొట్టుకోలేక ఆ హీమ్‌కే బలైపోతాయి. మింగే కణాలే చచ్చిపోతే ప్లీహం క్రమంగా మచ్చబారి కుంచించుకుపోతుంది. ఆ తర్వాత ఎర్ర కణాలు రక్తనాళాల్లోనే పగులుతాయి, హీమ్ నేరుగా నాళాల పొర మీద, కిడ్నీల మీద పడుతుంది. హీమ్ ఎంత విషమో చెప్పడానికి ఇంతకంటే సూటైన రుజువు దొరకదు.

మలేరియా, సికిల్ సెల్ గురించి తెలిసిన తెలుగువాళ్లకు ఈ విషయం మరింత దగ్గరిది. అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యంలో, ఆదిలాబాద్ ఏజెన్సీలో ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి మాత్రమే సికిల్ జన్యువు వచ్చినవాళ్లకు తీవ్రమైన మలేరియా నుంచి రక్షణ ఉంటుందని 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో చూపించాడు. పరాన్నజీవి ఆ కణాల్లో సరిగ్గా పెరగలేదన్నది అందరూ చెప్పే వివరణ. అది నిజమే గానీ అంతటితో అయిపోలేదని పోర్చుగల్‌లో మిగెల్ సోరెస్ బృందం 2011లో చెప్పింది. వాళ్ల ఎలుకల్లో సికిల్ హీమోగ్లోబిన్ వల్ల మామూలు రోజుల్లోనే కొద్ది కొద్దిగా హీమ్ విడుదలై, ఎన్‌ఆర్‌ఎఫ్-2 ద్వారా హీమ్ ఆక్సిజనేజ్-1ను ముందే లేపి ఉంచింది. పరాన్నజీవుల సంఖ్య తగ్గకపోయినా మెదడు మలేరియా మాత్రం రాలేదు. శత్రువును చంపడం వేరు, శత్రువు చేసే నష్టాన్ని తట్టుకోవడం వేరు. ఇది ఎలుకల్లో రుజువైన సంగతి. మనుషుల్లో ఎంత భాగం దీని వల్లనో ఇంకా తేలాలి. రెండు వైపులా జన్యువు వచ్చి సికిల్ సెల్ వ్యాధి ఉన్నవాళ్లకు మాత్రం ఈ లెక్క వర్తించదు. వాళ్లలో విడుదలయ్యే హీమ్ ఎంజైమ్ సామర్థ్యాన్ని దాటిపోతుంది, నొప్పులకు, నాళాల దెబ్బకు అదీ ఒక కారణం.

అదే మలేరియాలో ఈ ఎంజైమ్ నష్టం చేసే సందర్భమూ ఉంది. మలేరియా వచ్చినవాళ్లకు సాల్మొనెల్లా ఇన్‌ఫెక్షన్లు ఎక్కువగా సోకడం ఆఫ్రికాలో ఎప్పటి నుంచో తెలుసు. విరిగిన రక్తపు హీమ్ వల్ల మజ్జలో ఈ ఎంజైమ్ పెరిగి, బ్యాక్టీరియాను చంపే న్యూట్రోఫిల్స్ చురుకు తగ్గిన స్థితిలోనే బయటికి వస్తున్నాయని 2012లో ఎలుకల్లో తేలింది. సొంత కణజాలాన్ని కాపాడుకునే ఏర్పాటు బ్యాక్టీరియాకు దారి వదిలిందన్న మాట. క్యాన్సర్ కణాలూ దీన్ని వాడుకుంటాయి. చాలా రకాల కణితుల్లో హీమ్ ఆక్సిజనేజ్-1 ఎక్కువగా ఉంటుంది, మందుల ఒత్తిడిని తట్టుకోవడానికి వాటికి అది పనికొస్తుంది.

ఇనుము విషయం మళ్లీ ఇక్కడ ఎదురవుతుంది. ఇనుము వల్ల పొరల కొవ్వు ఆక్సీకరణం చెంది కణం చచ్చిపోయే తీరుకు 2012లో ఫెరోప్టోసిస్ అని పేరు పెట్టారు. డాక్సోరుబిసిన్ అనే క్యాన్సర్ మందు గుండెను దెబ్బతీయడాన్ని పరిశీలించిన చైనా బృందం, ఎలుకల గుండెలో ఈ ఎంజైమ్ విపరీతంగా పెరిగి హీమ్ నుంచి ఇనుమును కుప్పగా వదలడమే ఈ కణాల మరణానికి దారితీసిందని 2019లో ప్రచురించింది. ఎంజైమ్‌ను నిరోధిస్తే గుండెకు నష్టం తగ్గింది. ఒక చోట కాపాడిన ఎంజైమ్ మరో చోట చంపడంలో వైరుధ్యం ఏమీ లేదు. ఫెర్రిటిన్ సర్దగలిగినంత వేగంతో ఇనుము వస్తే రక్షణ, అంతకు మించి వస్తే హాని.

యాంటీ ఆక్సిడెంట్ మాత్రల ప్రకటనల్లో కనిపించనిది సరిగ్గా ఇదే. ఆక్సీకరణ చెడ్డది కాబట్టి దాన్ని ఆపేది ఎంత తింటే అంత మంచిదన్నది అక్కడి తర్కం. 2009లో జర్మనీలో రిస్టో బృందం వ్యాయామం చేసే యువకులకు రోజూ 1,000 మిల్లీగ్రాముల విటమిన్ సి, 400 యూనిట్ల విటమిన్ ఇ ఇచ్చి చూసింది. మాత్రలు వేసుకోనివాళ్లలో ఇన్సులిన్ పనితీరు మెరుగైంది, వేసుకున్నవాళ్లలో కాలేదు. వ్యాయామం పుట్టించే స్వల్ప ఆక్సీకరణే కణాలను సిద్ధపరిచే సంకేతమని, మాత్రలు ఆ సంకేతాన్నే తుడిచేశాయని వాళ్ల వివరణ. కీప్-1 సిస్టీన్లు ఎలా పనిచేస్తాయో తెలిసినవాళ్లకు ఇది వింతగా తోచదు.

పసుపు గురించి చెప్పకపోతే తెలుగు పాఠకులు ఊరుకోరు. పసుపులోని కర్క్యుమిన్ ప్రయోగశాలలోని కణాల్లో హీమ్ ఆక్సిజనేజ్-1ను లేపుతుందన్నది నిజం. అది యాంటీ ఆక్సిడెంట్‌గా కంటే కీప్-1ను కదిలించే కాస్త ఘాటైన రసాయనంగా ఈ పని చేస్తుంది, అంటే కణాన్ని కొద్దిగా ఇబ్బంది పెట్టి. కానీ పెట్రీ పళ్లెంలో వాడే మోతాదు కూర తిన్నవాళ్ల రక్తంలోకి రాదు. కర్క్యుమిన్ పేగుల్లో సరిగా ఇంకదు, ఇంకినది కాలేయంలో చప్పున మారిపోతుంది. అది తెలిసే, మిరియాల నుంచి తీసిన పైపరిన్ కలిపి గాఢమైన మాత్రలు అమ్ముతున్నారు. అలాంటి మాత్రలు వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులు 2022లో అమెరికా నుంచి ప్రచురితమయ్యాయి. పప్పులో వేసే చిటికెడు పసుపుతో ఈ భయం అక్కర్లేదు, ఈ ఆశా అక్కర్లేదు.

గట్టి మందులతో వచ్చిన అనుభవమూ తీపీ చేదూ కలిసినదే. ఎన్‌ఆర్‌ఎఫ్-2ను బలంగా లేపే బార్డోక్సొలోన్‌ను టైప్-2 డయాబెటిస్‌తో కిడ్నీలు బాగా దెబ్బతిన్న రెండు వేల మందికి పైగా రోగుల మీద పరీక్షించారు. గుండె వైఫల్యం కేసులు పెరగడంతో 2012 అక్టోబరులో ఆ పరీక్షను మధ్యలోనే ఆపేశారు. దానికి దగ్గరి బంధువైన ఒమావెలాక్సొలోన్‌కు ఫ్రెడ్రిక్ అటాక్సియా అనే అరుదైన నరాల జబ్బులో 2023 ఫిబ్రవరిలో అమెరికాలో అనుమతి దొరికింది. ఆ జబ్బులో ఫ్రటాక్సిన్ అనే ప్రోటీన్ కొరత వల్ల మైటోకాండ్రియాలో ఇనుము వాడకం గాడి తప్పుతుంది, ఎన్‌ఆర్‌ఎఫ్-2 స్పందన కూడా మొద్దుబారి ఉంటుంది. ఈ మందు వాడేవాళ్లకు కూడా కాలేయం ఎంజైమ్‌లను, గుండె మీద ఒత్తిడిని చూపే బీఎన్‌పీని ముందుగానూ, వాడకం మధ్యలోనూ పరీక్షిస్తూ ఉండాలి.